మల్కిభరాముడి వంతెన

హైదరాబాదు అనగానే మనకు ముందుగా చార్మినారు గుర్తుకొస్తుంది. అయితే చార్మినారు కంటే, ఆ మాటకొస్తే హైదరాబాదు నగరం కంటే కూడా వయసులో పెద్దదైన కట్టడం ఒకటి మూసీనది మీద ఉన్నది. అదే పురానాపూల్. ఆ వంతెన పూర్తయింది 1578లో. నగరానికి పునాది పడింది 1591లో. ఊరు పెరిగాక వంతెన వేయడం లోకంలో మామూలు. ఇక్కడ వంతెనే ముందు పుట్టి, పదమూడేళ్ళ తర్వాత ఊరిని తన దగ్గరికి పిలుచుకున్నది. దాన్ని కట్టించినవాడు గోల్కొండ నాలుగవ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా. మన కవులు ఆప్యాయంగా మల్కిభరాముడని పిలుచుకున్నది ఆయన్నే. వేటపాలెం వాడివి, నీకు గోల్కొండ సుల్తానుతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. పని ఉన్నది. చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఇబ్రహీం కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడైన సుల్తాన్ కులీ కొడుకుల్లో చిన్నవాడు. 1543లో ముసలి తండ్రి హత్యకు గురయ్యాడు. ఆ హత్య వెనుక ఉన్నవాడు స్వంత అన్న జంషీదే. అన్న గద్దెనెక్కగానే తమ్ముడు ప్రాణాలు చేతబట్టుకుని ముందు బీదరుకు, అక్కణ్ణించి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు అతన్ని ఆదరించి, ఏడేళ్ళపాటు రాచమర్యాదలతో తన దగ్గర ఉంచుకున్నాడు. తెలుగు కవిత్వం మీద ఆయనకు కలిగిన మక్కువ ఆ ప్రవాస జీవితపు ఫలమే అంటారు చరిత్రకారులు. కష్టకాలం కొందరిని కఠినుల్ని చేస్తుంది. ఈయనకు మాత్రం ఒక భాషను దానం చేసింది.

1550లో జంషీదు చనిపోయాడు. జగదేవరావు అనే తెలుగు నాయకుడు, కోటల్లోని నాయకవాడీలు అండగా నిలవగా ఇబ్రహీం తిరిగివచ్చి ఆ జూలైలో పట్టాభిషిక్తుడయ్యాడు. ముప్పై ఏళ్ళు ఏలాడు. గోల్కొండ కోటను రాతితో బలపరిచాడు. హుస్సేన్‌సాగరం ఆయన కాలంలో తవ్వించిందే. ఇబ్రహీంపట్నం చెరువు పేరులోనే ఆయన ఉన్నాడు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవికి ఆయన చింతలపాలెం అగ్రహారమిచ్చాడు. ఆయన అధికారి అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు అంకితమిచ్చిన యయాతి చరిత్రే మన తొలి అచ్చ తెలుగు కావ్యం. పారశీకం రాజ్యమేలిన కొలువులో తెలుగుకు కూడా పీట వేసి కూర్చోబెట్టాడన్న మాట.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే కథ కమ్మగానే ఉంటుంది. కానీ ఆపడం న్యాయం కాదు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో, తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికి కత్తి దూసినవారిలో ఈయన కూడా ఒకడు. రామరాయలు ఆ రణంలోనే హతుడయ్యాడు. విజయనగరం కొల్లపోయింది. దీనికి కారణాలు లేకపోలేదు. రామరాయలు సుల్తానుల మధ్య తగవులు పెంచి లబ్ధి పొందాడు, గోల్కొండ కోటలను కొన్నింటిని లాక్కున్నాడు, గోల్కొండ మీద తిరగబడిన జగదేవరావుకు చోటిచ్చాడు. రాజనీతి ఇవన్నీ ఒప్పుకుంటుందేమో. తిన్న ఉప్పు మాత్రం ఒప్పుకోదు. అయినా విచిత్రమేమిటంటే, విజయనగరంతో స్నేహం తెగిపోయినా తెలుగుతో బంధాన్ని ఆయన తెంచుకోలేదు. మనిషిని తూచేటప్పుడు రెండు పళ్ళాలనూ చూడాలని నా అభిప్రాయం.

ఇక వంతెన సంగతి. ఇరవైరెండు రాతి కమానులు, సుమారు ఆరువందల అడుగుల పొడవు. యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతి కోసం వరదలో గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన వేయించాడనీ ఒక కథ ఉన్నది. వినడానికి బాగుంటుంది గానీ లెక్కకు నిలవదు. వంతెన పూర్తయ్యేనాటికి యువరాజుకు పన్నెండు పదమూడేళ్ళు! గోల్కొండ కోట అప్పటికే ఇరుకైపోయింది. మూసీ పొంగితే మచిలీబందరు దారిన పోయే బళ్ళు ఒడ్డున ఆగిపోవలసిందే. కోటను అవతలి ఒడ్డుతోనూ, సముద్రపు రేవులతోనూ కలిపినందువల్లనే ఆ వంతెనకు అంత విలువ. ఫ్రాన్సునుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు టావెర్నియే దీన్ని చూసి, పారిస్‌లోని పాంట్ న్యూఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఆ పారిస్ వంతెనకు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే కావడం తమాషా.

1908 సెప్టెంబరు 28న మూసీ ఉగ్రరూపం దాల్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. తర్వాతి కాలంలో కట్టిన వంతెనలు ఆ దెబ్బకు ఓర్వలేకపోయాయి. ముసలి వంతెన మాత్రం గాయపడినా నిలిచింది. ఆ వరద చెప్పిన పాఠంతోనే విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఎగువన జలాశయాలు వెలిశాయి. ఈనాడు పురానాపూల్ మీద కూరగాయల బేరాలు సాగుతున్నాయి. సుల్తాను చూస్తే సంతోషించేవాడే. బేరాలు సాగడానికేగా కట్టించింది!

ఇప్పుడు మన ఊరి సంగతి. ఇబ్రహీం చివరి ఏళ్ళలోనే కొండవీటి సీమ గోల్కొండ చేతికి వచ్చింది. మన తీరానికీ ఆ కోటకూ రాకపోకలు పెరిగాయి. తర్వాత కొద్ది దశాబ్దాలకే రేపల్లె దగ్గరి నిజాంపట్నం రేవులో డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ దిగింది మన సీమ నేతబట్ట కోసం, చిరివేరు ఎర్రరంగు కోసం. మగ్గం చప్పుడుతో తెల్లవారే వేటపాలెం వాడికి ఇది పరాయి కథ ఎలా అవుతుంది?

1580 జూన్‌లో ఇబ్రహీం కన్నుమూశాడు. తాను కట్టిన వంతెన అవతల వెలిసిన మహానగరాన్ని ఆయన చూడలేదు. కొడుకు కట్టిన నగరానికి పేరొచ్చింది, తండ్రి వేసిన దారికి రాలేదు. ఆయన కత్తి చేసిన పని విజయనగర శిథిలాల్లో కనిపిస్తుంది, మనసు చేసిన పని మన కావ్యాల్లోనూ మూసీ మీదా కనిపిస్తుంది. రెండూ ఆయనవే. నాలుగు శతాబ్దాలు దాటినా జనం నడుస్తున్నది మాత్రం వంతెన మీదనే.