ఎడారిలో ఒక సోదరుడు

క్రైస్తవ లోకంలో ఏకాంతవాసం కొత్త విషయం కాదు. ఈజిప్టు దేశపు పునీత అంతోని మూడవ శతాబ్దిలోనే తన ఆస్తిని పేదలకు పంచి ఎడారి దారి పట్టాడు. పదహారు వందల సంవత్సరాలు గడచిన పిమ్మట అదే ఆఫ్రికా ఖండంలో, సహారా నడిబొడ్డున, ఒక ఫ్రెంచి ప్రభువంశీయుడు గుడిసె వేసుకున్నాడు. ఆయన పేరు షార్ల్ ద ఫూకో. త్యాగమంటే ధనాన్ని విడిచిపెట్టడమేనని తలచేవారికి ఈయన చరిత్ర కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆయన విడిచినవాటిలో ధనమే అన్నిటికన్న తేలిక.

1858 సెప్టెంబరు 15న స్ట్రాస్‌బూర్గ్ నగరంలో ఆయన జన్మించాడు. ఆరేళ్ళ వయస్సులోనే తల్లిదండ్రు లిద్దరూ గతించగా తాతగారు పెంచి పెద్దచేశారు. చిన్ననాటి దైవభక్తి యౌవనారంభంలోనే సడలిపోయింది. సైనిక విద్యాలయంలో ఉన్న రోజులలో, 1878లో, తాతగారు మరణించడంతో అపారమైన సంపద చేతికి వచ్చింది. అది విందులలో, విలాసాలలో ఎంత వేగంగా కరిగిపోయిందంటే, బంధువులు న్యాయస్థానాన్ని ఆశ్రయించి అతని సొమ్ముకు సంరక్షకుణ్ణి నియమింపజేయవలసి వచ్చింది. దుష్ప్రవర్తన కారణంగా 1881లో సైన్యం నుండి తొలగించారు. తన దళం అల్జీరియాలో యుద్ధానికి కదిలిందని విని మళ్ళీ వెళ్ళి చేరాడు. మరుసటి సంవత్సరమే ఉద్యోగానికి స్వస్తి చెప్పాడు.

ఆ కాలంలో మొరాకో దేశంలో క్రైస్తవులు స్వేచ్ఛగా తిరగడానికి వీలు లేదు. ఫూకో యూదు వేషం ధరించి, మార్దొషే అనే వృద్ధ యూదుని వెంటబెట్టుకొని, 1883 జూన్ మొదలు 1884 మే వరకు ఆ దేశమంతా కాలినడకన, కంచరగాడిదపైన తిరిగి, రహస్యంగా కొలతలు తీసి పటాలు గీశాడు. పారిస్ భూగోళ శాస్త్ర సంఘం 1885లో ఆయనకు స్వర్ణపతకం ఇచ్చింది. కాని ఆ ప్రయాణం ఆయన కిచ్చిన అసలు బహుమానం వేరు. ఎక్కడ ఉన్నా, ఏ పనిలో ఉన్నా, వేళ కాగానే అన్నీ వదలి దైవం ముందు సాగిలపడే ముస్లిముల నమాజు ఆయన హృదయాన్ని కదిలించివేసింది. దేవుడు లేడనుకున్న మనిషిలో ప్రార్థన పట్ల తృష్ణ పుట్టించినది ఇస్లాము. ఈ సంగతి మన విద్యార్థులు గమనింపదగినది.

1886 అక్టోబరులో పారిస్‌లోని సేంట్ ఆగస్టీన్ దేవాలయానికి వెళ్ళి, మతాన్ని గురించి వివరించవలసిందిగా ఉవెలెఁ అనే గురువును కోరాడు. ఆ గురువు వాదోపవాదాలకు దిగకుండా, మోకరించి పాపసంకీర్తనం చేయమన్నాడు. ఫూకో మోకరించాడు. ఆనాటినుంచి ఆయనకు వెనుదిరగడం లేదు.

1890 జనవరిలో ట్రాపిస్టు మఠంలో చేరి, కొన్ని నెలలకు సిరియాలోని అక్బెస్‌లో ఉన్న పేద మఠానికి వెళ్ళాడు. ఒకసారి, మరణించిన ఒక పేద క్రైస్తవుని శవం వద్ద ప్రార్థించడానికి పంపగా, ఆ యింటిని చూచి, మఠంలో తాము అనుభవిస్తున్నది పేదరికమే కాదని గ్రహించాడు. 1897లో మఠాన్ని విడిచి నజరేతుకు వెళ్ళి, కన్యాస్త్రీల మఠంలో పనివాడుగా కుదిరి, తోటలో పనిముట్లు దాచే చెక్కల పాకలో కాపురమున్నాడు. యేసుప్రభువు లోకానికి తెలియకుండా ముప్పది యేళ్ళు గడపిన ఊరది. ఆ అజ్ఞాత జీవితమే ఆయన ఆదర్శం.

1901 జూన్‌లో గురుపట్టాభిషేకం పొంది, ఆ సంవత్సరాంతానికి అల్జీరియాలోని బెనీ అబ్బేస్ చేరాడు. ఏకాంతం కోరి వెళ్ళిన ఆయన తలుపు రోజంతా ఎవరో ఒకరు తడుతూనే ఉండేవారు: బిచ్చగాళ్ళు, బాటసారులు, సైనికులు, బానిసలు. కొందరు బానిసలను వెల చెల్లించి విడిపించాడు. బానిసత్వాన్ని సహిస్తున్న ఫ్రెంచి అధికారుల తీరును నిరసిస్తూ లేఖలు వ్రాశాడు. 1905 ఆగస్టులో ఇంకా దక్షిణంగా, హొగ్గార్ కొండల నడుమనున్న తమన్‌రాసెత్ అనే కుగ్రామానికి వెళ్ళి, తువారెగ్ జాతివారి మధ్య స్థిరపడ్డాడు.

అప్పటికీ ఆయన చేతిలో రెండు మిగిలే ఉన్నాయి. ఒకటి, తన వెంట సోదరుల సమాజమొకటి ఏర్పడుతుందన్న ఆశ. నియమావళి వ్రాసి సిద్ధం చేశాడు. ఒక్క యువకుడు మాత్రం వచ్చి కొన్ని నెలలకే అనారోగ్యంతో వెళ్ళిపోయాడు. రెండవది, ఇచ్చేవాడు తానే, పుచ్చుకొనేవారు ఇతరులన్న భావం. ఇది లోతైన పట్టు. సద్గుణం ముసుగులో ఉంటుంది కనుక కంటపడదు.

1907లో వానలు లేక ఆ ప్రాంతమంతా కరువు వ్యాపించింది. తన దగ్గరున్న ధాన్యాన్ని ఆయన పంచిపెట్టాడు. ఆనాటి నియమం ప్రకారం తోడుగా మరొక క్రైస్తవుడు లేనిదే గురువు దివ్యబలిపూజ చేయరాదు. ఆ కొండలలో మరొక క్రైస్తవుడు లేడు. క్రిస్మసు పండుగనాడు కూడ పూజ లేకుండా గడచింది. గురువైనవానికి ఇంతకంటె గొప్ప లేమి ఏముంటుంది? 1908 జనవరిలో ఆయన మంచం పట్టాడు. లేచి కూర్చునే శక్తి కూడ పోయింది. అప్పుడు ఆ కరువులోనే తువారెగ్ ప్రజలు చుట్టుప్రక్కల దొరికిన మేకలన్నిటి పాలు పిండి, తెచ్చి, త్రాగించి బ్రతికించారు. తమ పిల్లలకే చాలని పాలవి. నేర్పడానికి వచ్చినవాడు పసిబిడ్డవలె వారి చేతి పాలు త్రాగాడు. నెలాఖరున ఒంటరిగా పూజ చేసుకొనే అనుమతి రోమునుండి వచ్చింది.

ఆ పిమ్మట ఆయన ఎవరినీ మతంలో కలుపుకోవాలని ఆత్రపడలేదు. ఆ విషయాన్ని దైవానికి వదలివేశాడు. వారి భాషను నేర్చుకొన్నాడు, వారి పద్యాలను వేలాది పాదాలుగా సేకరించాడు, నిఘంటువు కూర్చాడు. 1911లో అసెక్రెమ్ పర్వతంపై సుమారు 2,700 మీటర్ల ఎత్తున మరొక కుటీరంలో కొన్ని నెలలు గడపినప్పుడు కూడ భాషాకృషి సాగుతూనే ఉంది.

ఒక్క సంగతి దాచకూడదు. ఫ్రెంచి సైన్యంతో స్నేహాన్ని, దేశాభిమానాన్ని ఆయన చివరిదాకా విడువలేకపోయాడు. అధికారులకు సమాచారం అందించాడన్న విమర్శ నేటికీ ఉన్నది, అది నిరాధారం కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రజల రక్షణకై కట్టిన చిన్న కోటలోనికి నివాసం మార్చాడు. అందులో ఆయుధాలు కూడ దాచి ఉన్నాయి. 1916 డిసెంబరు 1వ తేదీ సాయంకాలం ఫ్రెంచి పాలనను ఎదిరించే ముఠా ఒకటి వచ్చి ఆయనను బంధించింది. కావలి ఉంచిన కుర్రవాడు కంగారులో తుపాకి పేల్చాడు. అప్పటికి ఆయనతో నివసిస్తున్న శిష్యుడు ఒక్కడూ లేడు.

1933లో ఆయన అడుగుజాడలలో చిన్న సోదరుల సమాజం వెలసింది. నిఘంటువు 1951-52లో నాలుగు సంపుటాలుగా అచ్చయింది. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయనను పునీతునిగా ప్రకటించారు. తిరువాన్కూరులో హతసాక్షియైన మన దేశీయుడు దేవసహాయం పిళ్ళైకి సైతం ఆనాడే ఆ గౌరవం దక్కింది. వీటన్నిటికీ ముందే, మరణవార్త అందిన కొలది రోజులకు, తువారెగ్ ప్రజల నాయకుడు మూసా ఆగ్ అమస్తాన్, ఫ్రాన్సులోని ఆయన సోదరికి సంతాపలేఖ పంపాడు. ఈ మృతి ఆమెకు మాత్రమే కాక తనవారందరికీ కలిగిన నష్టమని ఆ ముస్లిము నాయకుడు అందులో తెలిపాడు.