చంపారణ్ నుంచి గోవర్ధనగిరి వరకు: పశువులోని చైతన్యాన్ని గుర్తించిన వల్లభాచార్యులు

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లా అభన్‌పూర్ ప్రాంతంలో, రాజిమ్ క్షేత్రానికి సమీపాన చంపారణ్ అనే గ్రామం ఉంది. శుద్ధాద్వైత సిద్ధాంతకర్త, పుష్టిమార్గ స్థాపకుడు వల్లభాచార్యులు 1479లో ఇక్కడే జన్మించారని సంప్రదాయం చెబుతుంది. గుజరాత్, రాజస్థాన్‌ల వైష్ణవులకు ఇది మహాక్షేత్రం. ఆ ఆచార్యుని ఇంటి భాష తెలుగన్న సంగతి మాత్రం తెలుగునాట అంతగా ప్రచారంలో లేదు.

తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. వారిది వెలనాటి వైదిక కుటుంబం. కాశీపై దండయాత్ర జరగనున్నదన్న భయంతో దంపతులు దక్షిణానికి బయలుదేరారు. దారిలో చంపారణ్యంలో ఇల్లమ్మకు నెలలు నిండకుండానే ప్రసవమైంది. బిడ్డలో చలనం లేకపోవడంతో మృతశిశువని తలచి జమ్మిచెట్టు కింద వదిలి ముందుకు సాగారు. మర్నాడు తిరిగి వచ్చి చూడగా, చుట్టూ అగ్నివలయం రక్షణగా ఉండగా శిశువు క్షేమంగా కనిపించాడని కథ.

ఇంచుమించు అదే కాలంలో వ్రజభూమిలోని గోవర్ధనగిరిపై జరిగినట్లు చెప్పే మరో కథ ఉంది. సద్దూ పాండే అనే గృహస్థుని ఆవు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పొదుగు ఖాళీగా ఉండేది. అనుమానంతో వెంట వెళ్లి చూస్తే, అది మంద నుంచి విడివడి, కొండపై ఒక రాతి రంధ్రం వద్ద నిలిచి తనంతట తానే పాలు కార్చుతోంది. అక్కడే శ్రీనాథుని ముఖారవిందం వెలసిందని భక్తుల విశ్వాసం. కథను చరిత్రగా అంగీకరించనవసరం లేదు. అయితే దానిని చెప్పుకున్నవారు ఆవుకు ఏ శక్తిని ఆపాదించారో గమనించదగినది. అక్కడ లేగదూడ లేదు, పచ్చగడ్డి లేదు, పిలిచిన మనిషీ లేడు. కంటికి కనిపించని ఒకరిని ఉద్దేశించి ఆ ఆవు తన పాలను సమర్పించింది.

పెంపుడు జంతువులు ఎదుట లేని దానిని భావించగలవా అన్నది నేడు శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్న ప్రశ్న. అమెరికాలో చేజర్ అనే కుక్క వెయ్యికి పైగా వస్తువుల పేర్లు నేర్చుకోవడమే కాక, రూపంలో వేర్వేరుగా ఉన్న బంతులన్నీ బంతి అనే ఒకే జాతికి చెందుతాయని కూడా గ్రహించినట్లు 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది. జాతిని గుర్తించడం అమూర్త భావనకు తొలిమెట్టు.

భారతీయ దర్శనాలలో ఈ ప్రశ్న పాతదే. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్య ప్రారంభంలోనే పశువు ప్రస్తావన తెచ్చారు. కర్ర ఎత్తిన మనిషిని చూస్తే పశువు తనను కొట్టడానికే వస్తున్నాడని ఊహించి పారిపోతుంది, పచ్చగడ్డి పట్టుకున్నవానిని చూస్తే దగ్గరకు వెళుతుంది. లోకవ్యవహారంలో మనిషి చేసేది కూడా ఇంతకు భిన్నం కాదని ఆయన వాదం. పశువును పైకెత్తడం ఆయన ఉద్దేశం కాదు, మనిషి గర్వాన్ని దించడమే. అయినా ఎదుటివాని మనసులోని తలంపును పసిగట్టే శక్తి పశువుకు ఉన్నదని ఆ ఉదాహరణ ఒప్పుకుంటోంది.

అవే బ్రహ్మసూత్రాలకు వల్లభులు అణుభాష్యం రచించారు. జగత్తు మిథ్య కాదని, అది బ్రహ్మమేనని ఆయన సిద్ధాంతం. బ్రహ్మానికి గల సత్, చిత్, ఆనందాలలో జడపదార్థంలో సత్ ఒక్కటే వ్యక్తమవుతుంది. జీవునిలో సత్, చిత్ రెండూ వ్యక్తమై, ఆనందం మరుగున ఉంటుంది. ఈ విభజన ప్రకారం ఆవు గాని, కుక్క గాని రాయి పక్కన కాక మనిషి పక్కనే నిలుస్తాయి. చైతన్యం ఉన్నదా లేదా అన్న సందేహానికి ఇక్కడ తావు లేదు. అది ఎంతవరకు విచ్చుకున్నదన్నదే ప్రశ్న.

కాలినడకన మూడుసార్లు భారతదేశం చుట్టివచ్చిన వల్లభులు, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల సమక్షాన వాదంలో గెలిచి కనకాభిషేకం అందుకున్నారని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. మహాలక్ష్మిని వివాహమాడి, ప్రయాగ సమీపాన అడైల్‌లో గృహస్థుగా స్థిరపడ్డారు. గోపీనాథుడు, విఠ్ఠలనాథుడు ఆయన కుమారులు. గోవర్ధనంపై శ్రీనాథుని సేవను ఏర్పరచినప్పుడు, స్వామికి ఆవు కావాలని తన బంగారు ఉంగరాన్ని అమ్మించి ఒక ఆవును తెప్పించారని కూడా చెబుతారు.

ఆయన ప్రతిభ పరిపూర్ణంగా కనిపించేది భాగవత వ్యాఖ్య సుబోధినిలో. అది మొదటి మూడు స్కంధాలకు, దశమానికి, ఏకాదశంలో కొంత భాగానికి లభిస్తోంది. దశమ స్కంధంలోని వేణుగీతంలో గోపికలు పశువుల గురించి చెప్పుకుంటారు. వేణునాదం వినగానే ఆవులు చెవులు రిక్కిస్తాయి. దూడల నోటిలో పాలు అలాగే నిలిచిపోతాయి. ఆవులు గోవిందుని చూపులతో లోనికి తీసుకుని, మనసులోనే స్పృశిస్తూ కన్నీరు కారుస్తాయి. ఆడలేళ్లను మూఢబుద్ధి గలవని అంటూనే, వాటి చూపులే పూజ అయినాయని ఆ గోపికలు చెబుతారు. బుద్ధి మందమైనా భావం పూర్ణంగా ఉండవచ్చునన్న మాట అది.

పోతన గజేంద్రుడు కూడా భగవంతుడు ఉన్నాడా లేడా అని సంశయించాడు. కానీ అతడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజు, ఆ ఆలోచన మనిషిదేనని తప్పించుకోవచ్చు. వేణుగీతంలోని ఆవులకు అక్కడ అటువంటి పూర్వకథ ఏదీ చెప్పలేదు. దీనిని కవి అతిశయోక్తిగా తీసివేయడం ఇతరులకు సులభం, వల్లభులకు కాదు. వేదాలు, గీత, బ్రహ్మసూత్రాలతో పాటు భాగవతాన్ని నాలుగో ప్రమాణంగా నిలిపినవారు ఆయన. ప్రమాణమన్న తరువాత పశువుల కన్నీటికీ అర్థం చెప్పవలసిందే.

అవసాన దశలో సన్యాసం స్వీకరించిన వల్లభులు 1531లో కాశీలో గంగాప్రవేశం చేశారు. శ్రీనాథుని మూర్తి 1672లో మేవాడ్‌లోని నాథద్వారా చేరింది. చంపారణ్‌లో ఆయన బైఠక్ నేటికీ సేవలందుకుంటోంది. దీపావళి మర్నాడు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఆవులను అలంకరించి, పేడతో చేసిన గోవర్ధనంపై నడిపించి, ముందుగా వాటికే ఖిచిడీ పెడతారు.