మేదర కేతయ్యగారి చరిత్రము

ప్రతివత్సరము మన సభా సంచికయందు ఒక మహాపురుషుని చరిత్రమును ప్రకటించుట ఆచారమైనది. ఈ పర్యాయము మేదర కేతయ్యగారిని గూర్చి వ్రాయవలసినదిగా నిర్వాహకులు మమ్ము కోరిరి. ఆయన పటము మన యిండ్లలో గలదు, మన సభావేదికలపైన గలదు. చరిత్రము మాత్రము మన పిల్లలలో పెక్కుమందికి తెలియదు. తెలిసినవారును ఆయన మరణించి మరల బ్రతికిన కథను ఉత్సాహముతో చెప్పుదురే గాని, ఆయన గంపలల్లి జీవించెనని చెప్పవలసివచ్చినప్పుడు గొంతు తగ్గింతురు. ఆ గొంతు తగ్గుటను మేము పలుమారులు వినియున్నాము. ఈ వ్యాసమునకు అదియే కారణము.

కేతయ్యగారు క్రీస్తుశకము 12వ శతాబ్దమువారు, కన్నడదేశీయులు. కలచురి బిజ్జలుడు కల్యాణమున రాజ్యము చేయుచుండగా, బసవేశ్వరుడు ఆతని కొలువున నధికారియై యుండిన కాలమున, ఆ పట్టణము చేరి శివశరణులలో నొకరైరి. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. అక్కడ చేరినవారిలో చాకలి మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, తాంబూలపు సంచి పట్టు హడపద అప్పణ్ణ మున్నగువారు గలరు. ఎవరి పని వారు మానలేదు. చేతిపనికి కాయకమని పేరిడి, దానివలన వచ్చిన దానితో జంగమారాధన చేయుట వారి నియమము. దానికి దాసోహమని పేరు. కేతయ్యగారును ఆయన ధర్మపత్ని సాతవ్వయు వెదురు పనిచేసి, గంపలును చేటలును అమ్మి, ఆ నియమమును చెల్లించుచుండిరి.

ఆయన దినచర్యను ఊహించుటకు మనకు గ్రంథములు అక్కరలేదు. నల్లమల క్రింది గ్రామములలో మన పెద్దలు చేసిన పనియే ఆయనయు చేసెను. ముళ్లవెదురేదో సాధనవెదురేదో చూచి, ముదురు లేత లెరిగి నరుకవలెను. కణుపులు చెక్కి నిలువున చీల్చి, పైబద్దను లోబద్దను వేరుచేయవలెను. అడుగు పరచి, చుట్టు త్రిప్పి, తుదకు అంచు కట్టవలెను. గంప యెంత కాలము నిలుచునో అంచే చెప్పును. చేటయైన దానిని కొన్న ఇల్లాలు నానిన మెంతులు రుబ్బి పూసి, సందులు పూడ్చి, ఆరబెట్టుకొనును. కావున చేట యొకరి చేతిపని కాదు, ఇరువురిది.

కొన్నవారి ప్రేమనుగూడ ఇచ్చట చెప్పవలసియున్నది. నంద్యాల ప్రాంతమున ఒక రైతు గృహమున మేము మూడు తరముల గంపలను వరుసగా చూచితిమి. ధాన్యము పోయు గుమ్మి, గంజి వార్చు సిబ్బి, విత్తనపు బుట్ట, పేడతట్ట, దేనికదియే. ఏది యేయేట కొన్నదో, ఏ మేదరి యల్లినదో ఆ యింటి అవ్వ తడుముకొనకుండ చెప్పెను. కళ్లమునాడు మేర కొలుచుటకు ఆ మేదరి వచ్చినప్పుడెల్ల పాతగంపలను ముందు పెట్టి బాగుచేయించుకొనెడివారట. మాకు ఆమె మాటలు విన్నంతసేపు కాలము తెలియలేదు. బిడ్డ పుట్టిన చేటలో పరుండబెట్టుదురు, పెండ్లికూతురిని మేనమామ గంపలో కూర్చుండబెట్టి తెచ్చును, కడపటి ప్రయాణమును వెదురుమీదనే. ఆ గంపను అల్లినవానికి మాత్రము ఆ పెండ్లి పందిటిలో పీట వేసినవారు అరుదు.

ఇక ప్రసిద్ధమైన కథ. ఒకనాడు కేతయ్యగారు అడవిలో వెదురు నరుకగా లోపలినుండి బంగారము రాలెనట. శివుడు పెట్టిన పరీక్ష అది. ఆయన దానిని పురుగులని యెంచి, ఆ వెదురును విడిచి వేరొక దానిని వెదకికొనెనట. దీనిని వైరాగ్యమునకు తార్కాణముగా పౌరాణికులు చెప్పుదురు. మేము కాదనము. కాని వెదురు పని యెరిగినవారికి మరియొకటి తోచును. మేదరికి నిజమైన భయము పురుగే. పుచ్చిన వెదురుతో అల్లిన గంప కొన్నవాని ఇంట పిండియై రాలును. అందుచేతనే వెదురును అమావాస్య దినములలో నరుకవలెనని మన పెద్దల నియమము. బంగారమును చూచి ఆయనకు ముందుగా పురుగే స్ఫురించెనన్నచో, ఆయన దృష్టి ఎంతగా పనియందున్నదో తెలియుచున్నది.

పిదప ఒక వెదురుకొన ఆయన రొమ్మున గ్రుచ్చుకొనెను. గాయముతోనే ఇల్లు చేరెను. అట్టి దినమునను సాతవ్వ దాసోహము తప్పనీయలేదందురు. ఈ ఘట్టమును మనవారు రెండు మాటలలో ముగించి ముందునకు సాగుదురు, మాకది నచ్చదు. భర్త మరణావస్థలో నుండగా గంపలమ్మి అతిథులకు వండి వడ్డించిన ఇల్లాలి పటము మన యే సభలోను మేము చూడలేదు. కేతయ్యగారు మరణింపగా బసవేశ్వరుని ప్రాణమును వెంటనే పోయెననియు, మడివాళ మాచయ్య వచ్చి ఇరువురిని మరల పిలిచి బ్రతికించెననియు కథాశేషము. ఆయన వచనములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. గవరేశ్వర నామము వాని ముద్ర.

హరళయ్య కుమారునికిని మధువరసు కుమార్తెకును జరిగిన వివాహమువలన కల్యాణమున కలత పుట్టి శరణులు చెదరిపోయిరి. వారి గాథలను మన తెలుగువారికి 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదలో అందించెను. నేటికిని ఉగాదికి కన్నడిగులు ఆత్మకూరు, నాగలూటి మీదుగా కాలినడకను శ్రీశైలము చేరుదురు. చిత్రదుర్గమున కేతేశ్వరుని పేర మన కులమువారి మఠము గలదు.

కేతయ్యగారిని అడవిలో అడ్డినవారు కథలో లేరు. మనవారికి 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మొదలుకొని అనుమతి చీటీలు వచ్చినవి. గడ్డిజాతిదైన వెదురును చట్టము చెట్టనెను. అడవి వెలుపల పెంచిన వెదురు చెట్టు కాదని 2017లో సవరించిరి. ఇంతలో కడప తమలపాకు గంపలకును, కోడూరు మామిడి గంపలకును బదులు ప్లాస్టిక్ పెట్టెలు వచ్చి చేరినవి.

కడచిన సభలో కేతయ్యగారి పటమునకు పూలు ప్లాస్టిక్ పళ్లెరములో తెచ్చిరి. మేమును చూచి ఊరకుంటిమి. ఆత్మకూరు వైపునుండి వచ్చిన యొక వృద్ధురాలు మాత్రము లేచి, తన సద్దిబుట్టలోని మూటను తీసి ఒడిలో పెట్టుకొని, పూలన్నిటిని ఆ బుట్టలోనికి మార్చి, పటము ముందు పెట్టి, మరల తన చోట కూర్చుండెను.