కుషన్లు మోసి కనిపెట్టిన ఫార్ములా

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఉన్న ఏదో ఒక కోచింగ్ క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని వినండి. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్స్. సార్ అన్న మొదటి మాట మోత తగ్గకముందే రెండో మాట దాని మీద వచ్చి పడుతుంది. మైకు సౌండ్ పెంచితే మోత కూడా పెరుగుతుంది గానీ మాట తేటపడదు. 1895లో ఒక కుర్ర లెక్చరర్‌కి సరిగ్గా ఇదే సమస్య అప్పజెప్పారు. ఆయన పేరు వాలెస్ క్లెమెంట్ సేబిన్.

సేబిన్ 1868లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం రిచ్‌వుడ్‌లో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే డిగ్రీ చేతికొచ్చింది. హార్వర్డ్‌లో మాస్టర్స్ చేసి, అక్కడే ఫిజిక్స్ చెప్పడంలో కుదురుకున్నారు. పీహెచ్‌డీ లేదు, శబ్దం మీద ప్రత్యేకంగా చదివిందీ లేదు. ఆ ఏడాది హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కట్టారు. దాని లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పలికిన మాట దాదాపు ఐదున్నర సెకన్లు మోగుతూనే ఉండేది. దీన్ని బాగుచేసే పనిని ప్రెసిడెంట్ ఇలియట్ సేబిన్‌కి ఇచ్చారు.

హాలు ఎలా కడితే మాట బాగా వినిపిస్తుందో అప్పటికి ఎవరి దగ్గరా లెక్క లేదు. అంతా అంచనా, అదృష్టం. సేబిన్ ముందు కొలవడం మొదలుపెట్టారు. ఒక ఆర్గన్ పైపు, సెకన్లు నమోదు చేసే యంత్రం, సొంత చెవులు, ఇవే ఆయన ల్యాబ్. పైపు ఊది ఆపాక శబ్దం పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఎంతసేపు పడుతుందో చూసేవారు. పగలు ట్రామ్‌ల రొద. పంజాగుట్ట చౌరస్తా కూడా సద్దుమణిగే అర్ధరాత్రి వేళ ఎలా ఉంటుందో అలాంటి నిశ్శబ్దం కావాలి. అందుకే పనంతా రాత్రిళ్లే. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల కుషన్లు మోసుకొచ్చి, కొన్ని కొన్నిగా హాల్లో పరిచి, ప్రతిసారీ కొలిచి, తెల్లారేలోపు మళ్లీ అక్కడ పెట్టేసేవారు.

మధ్యలో పెద్ద దెబ్బ తగిలింది. తను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చి లెక్క మారుస్తున్నాయని తేలింది. వేలకొద్దీ కొలతలు పక్కన పడేశారు. అప్పట్నుంచి ప్రతి రాత్రీ ఒకే రకం బట్టలతో కూర్చుని, మళ్లీ మొదటి నుంచి కొలిచారు.

కుషన్‌తో కొలిస్తే ఇంకో ఊరివాళ్లకి ఆ లెక్క పనికిరాదు. అందుకే తెరిచిన కిటికీని యూనిట్‌గా తీసుకున్నారు. కిటికీలోంచి బయటికెళ్లిన శబ్దం తిరిగి రాదు కాబట్టి అది నూటికి నూరు శాతం పీల్చినట్టే. ఇక కార్పెట్, చెక్క, మనిషి, ఏదైనా ఎన్ని చదరపు మీటర్ల కిటికీతో సమానమో చెప్పొచ్చు.

1898లో బోస్టన్ సింఫనీ హాల్ డిజైన్‌కి సాయం చేయమని అడిగారు. హాలు కట్టేశాక తప్పని తేలితే దిద్దుకోవడం కుదరదు. సేబిన్ వెంటనే ఒప్పుకోలేదు. చేతిలో అంకెలున్నాయి, వాటిని కలిపే సూత్రం లేదు. పాత నోట్సు మళ్లీ తిరగేశాక అది దొరికింది. మోత నిలిచే సెకన్లు కావాలంటే, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగించాలి. 1900 అక్టోబరులో ఆ హాలు తెరిచారు. మొదట్లో విమర్శలొచ్చినా, ఇవాళ ప్రపంచంలోని గొప్ప సంగీత మందిరాల్లో అదొకటి.

ఇదే లెక్క మీ క్లాసుకి వేయండి. 10 మీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 ఎత్తు అంటే 180 ఘనపు మీటర్లు. శోషణ 12 చదరపు మీటర్లనుకుంటే మోత 2.4 సెకన్లు. గోడలకీ సీలింగ్‌కీ మెత్తటి ప్యానెల్స్ వేసి శోషణను 36కి పెంచితే 0.8కి దిగుతుంది. మాట తేటగా వినిపిస్తుంది.

ఇల్లినాయ్‌లోని జెనీవాలో సేబిన్ కోసమే రివర్‌బ్యాంక్ ల్యాబ్ కట్టారు. అది 1918లో సిద్ధమైంది. కానీ 1919 జనవరిలో, యాభై ఏళ్లకే ఆయన కన్నుమూశారు. రాత్రిళ్లు అరువు కుషన్లతో పనిచేసిన మనిషికి సొంత ల్యాబ్‌లో పనిచేసే అదృష్టం దక్కలేదు. శోషణ యూనిట్‌కి మాత్రం ఆయన పేరే పెట్టారు: సేబిన్.

ఆయన పద్ధతికి ఇప్పుడు ఐఎస్‌ఓ 354 అనే ప్రమాణం ఉంది. మోత ఎక్కువుండే గదిలో 10 నుంచి 12 చదరపు మీటర్ల శాంపిల్ పెట్టి, పెట్టకముందూ పెట్టాకా సెకన్లు కొలుస్తారు. చిన్న ముక్కలకైతే ఇంపిడెన్స్ ట్యూబ్ వాడతారు. మెకానికల్, ఈసీఈ, సివిల్, ఏ బ్రాంచ్ వాళ్లయినా జాబ్ సైట్లలో ఎన్‌వీహెచ్, అకౌస్టిక్స్ అని కొట్టి చూడండి. కార్ల కంపెనీలు, బిల్డింగ్ కన్సల్టెన్సీలు ఈ పనికి మనుషుల్ని తీసుకుంటాయి. ఇంటర్వ్యూకి వెళ్లేముందు మీ ప్రాజెక్టులో ఒక్క అంకె ఎంచుకోండి. దాన్ని ఏ యూనిట్‌లో కొలిచారు, కొలిచేటప్పుడు ఏం మారకుండా చూసుకున్నారు, ఏది తేడా వస్తే ఆ అంకె చెల్లదు? ఈ మూడూ తడుముకోకుండా చెప్పగలగాలి. సేబిన్ ఆ రాత్రిళ్లలో నేర్చుకున్నది అదే.