సూసన్న వెస్లీ: ఒక తల్లి వ్రాసిన ఉత్తరము

ధ్యానించుడి: 2 తిమోతి 1:5



సూసన్న 1669లో లండనులో జన్మించెను. 1688లో సామ్యూల్ వెస్లీని వివాహమాడెను. తరువాత ఆయన ఎప్‌వర్తు గ్రామమునకు పాదిరి ఆయెను. వారికి 19 మంది బిడ్డలు పుట్టగా 9 మంది పసితనముననే మరణించిరి. 1705లో అప్పులవలన భర్త చెరసాల పాలయ్యెను. 1709లో ఇల్లు తగులబడెను.

1712లో ఆమె, మన తమిళ తీరమందలి తరంగంబాడిలో సువార్త ప్రకటించుచున్న మిషనెరీల వృత్తాంతమును చదివి మిక్కిలి ప్రోత్సాహము పొందెను. తాను మిషనెరీ కాకపోయినను తన యింటివారి ఆత్మలకొరకు ఇంకను పాటుపడవచ్చునని తలంచి, ప్రతి సాయంకాలము ఒక్కొక్క బిడ్డతో ప్రత్యేకముగా మాటలాడసాగెను. తరువాత మెథడిస్టు ఉజ్జీవమునకు నాయకులైన జానుకు గురువారము, చార్లెసుకు శనివారము.

1732లో జాను కోరగా, బిడ్డలను పెంచిన విధమును అతనికి వ్రాసి పంపెను. ఇల్లు కాలినప్పుడు బిడ్డలు పలువురి ఇండ్లలో చెదరియుండి దురభ్యాసములు నేర్చిరనియు, వారిని మరల దిద్దవలసివచ్చెననియు అందులో దాచక తెలిపెను. 1742లో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ ఉత్తరము నేటికిని తల్లులకు ధైర్యమిచ్చుచున్నది.

అమ్మా, నీ బిడ్డ దారి తప్పెనని కన్నీరు విడుచుచున్నావా? సూసన్న యింటను అట్లే జరిగెను. ఆమె విసుగక మరల ఆరంభించెను. నీవును ఆరంభించుము. చదువురాని నీ పొరుగు తల్లికి ఈ సంగతి చదివి వినిపించుము.