మహాతలవరి శాంతిశ్రీ

తిరుమలలో వెండి భోగశ్రీనివాసమూర్తిని సమర్పించిన సామవాయి పేరు మన ప్రాంతం వారికి సుపరిచితమే. ఆమెకు కొన్ని శతాబ్దాల ముందే కృష్ణాతీరాన అటువంటి దానశీలి మరొక తెలుగుగడ్డ ఆడపడుచు ఉండేది. ఆమె శాంతిశ్రీ. శాసనాల్లోని ప్రాకృతంలో చాంతిసిరి.

క్రీ.శ. 3వ శతాబ్దంలో, శాతవాహనుల అనంతరం, ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా పాలించారు. నేటి నాగార్జునకొండ ప్రాంతమే ఆ విజయపురి. తొలిరాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతాభిమాని. శాంతిశ్రీ ఆయన తోబుట్టువు. ఆమె భర్త పూకీయ వంశానికి చెందిన మహాసేనాపతి, మహాతలవరుడు స్కందశ్రీ. కుమారుడు స్కందసాగరుడు. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుని ఒక శాసనం ఆమె అల్లుడని పేర్కొంటున్నది. అంటే మేనల్లుడే అల్లుడైనాడన్నమాట. మేనరికం మన ఇళ్ళలో నిన్న మొన్నటిది కాదు!

సోదరుడు యాగాలు చేసినా ఈమె బుద్ధుని శరణు వేడింది. అయినా శ్రమణులతోపాటు బ్రాహ్మణులకు, దీనులకు కూడా ఎడతెగక దానాలు చేసినట్లు శాసనాలు చెబుతున్నాయి. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యం వద్ద శిలాస్తంభాలు నిలిపింది. పుట్టింట, మెట్టినింట గతించినవారికీ, ఉన్నవారికీ, పుట్టబోయేవారికీ మేలు కలగాలనీ, తనకు నిర్వాణం ప్రాప్తించాలనీ కోరుకున్నది. 18వ సంవత్సరంలో అల్లుని ఆయురారోగ్య విజయాలకై చైత్యగృహం కట్టించింది.

ఆమె ఒంటరి కాదు. రాణి భట్టిదేవి విహారం కట్టించింది. రాజకుటుంబంతో సంబంధంలేని ఉపాసిక బోధిశ్రీ సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం నిర్మింపజేసింది. అక్కడి బౌద్ధ కట్టడాలకు ప్రధాన పోషకులు స్త్రీలే. వైదికుడైన రాజు ఇంట బౌద్ధం వర్ధిల్లిందంటే అది వారి చలవే.

1926లో ఈ శిథిలాలు వెలుగుచూశాయి. తరువాతి త్రవ్వకాల్లో మహాచైత్యంలో బంగారు భరిణెలో చిన్న అస్థిధాతువు లభించింది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా ముఖ్య కట్టడాలను కొండపైకి తరలించారు.

శాసనాల్లో ఆమె ఒకరికి సోదరి, ఒకరికి భార్య, ఒకరికి తల్లి, ఒకరికి అత్త. కాని దానం మాత్రం ఆమె పేరుమీదనే నిలిచింది. లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళే మన సభ్యులు, ముఖ్యంగా సోదరీమణులు, మనుమలకు, మనుమరాండ్రకు ఆ పేరు చెప్పి రావాలి.