విద్యుత్ ఇంజనీరింగ్‌లో తొలి తరం తెలుగు మహిళ అయ్యలసోమయాజుల లలిత

అమ్రాబాద్: నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలం ఈగలపెంట వద్ద నల్లమల కొండను తొలిచి నిర్మించిన శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 900 మెగావాట్లు. ఇటువంటి కేంద్రాల నుండి విద్యుత్తును తరలించే ప్రసార మార్గాలు, సబ్‌స్టేషన్ల రూపకల్పన ఒకనాడు పూర్తిగా పురుషుల వృత్తి. ఆ కేంద్రం నిర్మాణానికి దశాబ్దాల ముందే ఈ వృత్తిలో స్థిరపడిన తెలుగు మహిళ శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత.

ఆమె 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి శ్రీ పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ శాస్త్ర ఆచార్యులు. లలితకు 15వ ఏట వివాహమైనది. కుమార్తె నాలుగు నెలల పసికందుగా ఉండగానే భర్త మరణించారు. అప్పటికామె వయస్సు 18 సంవత్సరాలు. వితంతువుల పట్ల ఆనాటి సమాజ వైఖరి విదితమే. ఆమె మాత్రం చదువు కొనసాగించి స్వశక్తితో బిడ్డను పెంచాలని నిశ్చయించుకున్నారు. వైద్య వృత్తిలో వేళాపాళా ఉండదు గనుక, పసిబిడ్డ తల్లిగా ఇంజనీరింగ్‌ను ఎంచుకున్నారు.

గిండీ కళాశాలలో అప్పటివరకు ఒక్క విద్యార్థిని కూడా లేరు. తండ్రి విజ్ఞప్తికి ప్రిన్సిపాల్ శ్రీ కె.సి. చాకో, ప్రజా విద్యా శాఖ సంచాలకులు శ్రీ ఆర్.ఎం. స్టాథమ్ సానుకూలంగా స్పందించడంతో ఆమెకు ప్రవేశం లభించింది. లలిత జీవితాన్ని ప్రస్తావించేవారు తరచుగా భాక్రా నంగల్‌తో ప్రారంభిస్తారు గాని, అసలు మలుపు ఈ పాలనాపరమైన నిర్ణయమే. ఒకరికి తెరచిన ద్వారం గుండా లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా కూడా ప్రవేశించి సివిల్ ఇంజనీరింగ్ అభ్యసించారు. త్రేసియా అనంతరం కేరళ ప్రజా పనుల శాఖ చీఫ్ ఇంజనీరు అయినారు. లలిత వసతిగృహంలో ఉండి చదువుకోగా, పాపను బంధువులు పెంచారు. పట్టా పత్రాలు పురుషులకు మాత్రమే అన్నట్లు ముద్రితమై ఉండటంతో అందులోని సర్వనామాన్ని కొట్టివేసి స్త్రీవాచకం వ్రాయవలసి వచ్చింది.

1943లో కోర్సు ముగించి, జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ పొందారు. సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలకు తోడ్పడ్డారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడ సోదరుని కుటుంబం అండగా నిలిచింది. ప్రసార మార్గాల రూపకల్పన, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె బాధ్యతలు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పరికరాల పనిలోనూ పాలుపంచుకున్నారు.

లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ ఆమెను 1953లో అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తిస్థాయి సభ్యురాలిగా ఎన్నుకున్నది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు ఆమె హాజరయ్యారు. భారతదేశంలో అటువంటి సంఘం శాఖ లేనందున వ్యక్తిగత హోదాలోనే వెళ్లవలసి వచ్చింది. మరుసటి ఏడాది లండన్‌లోని మహిళా ఇంజనీరింగ్ సొసైటీ సభ్యత్వం స్వీకరించారు.

పునర్వివాహం చేసుకోని లలిత సుమారు మూడు దశాబ్దాల సేవ అనంతరం 1977లో పదవీ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న కన్నుమూశారు.